బూడిద కడిగిన జొన్నలు

"అవ్వా, చూసినవా? మా చిన్నోడు పక్కింటి పోరని బొంగరం జేబులేసుకొని వచ్చిండు. ఎంత హుషారున్నడో!"

నవ్వకే బిడ్డా. జర ఇటు కూసో. గా హుషారు అన్న మాట ఇంటె నాకు పానం ఎట్లనో అయితది.

నాకొక తమ్ముడుండె, మల్లయ్య. నీకు యాడ ఎరుక, మేమెన్నడన్న చెప్తె గదా. సిగ్గు. మాది మక్తల్ దిక్కు. నిజాం జమాన. మా బాపు దొర కల్లంకాడ కావలుండేటోడు. గప్పుడు జొన్నరాశి పోసినంక దాని మీద బూడిదతోని ముద్రలేస్తుండ్రి, ఎవలు ముట్టినా చెదిరి తెలుస్తది. బాపుకు సద్ది మల్లిగాడే తీస్కపోతుండె. మా అమ్మ వాని అంగీ లోపల సంచి కుట్టింది. ముద్రలు పడకముందే, తూర్పారబట్టేకాడ ఆడుకున్నట్టు ఆడి నింపుకొని రావాలె అని నేర్పింది. నన్ను పంపకపోతుండె. ఆడిపిల్ల దొరికితె ఇజ్జత్ పోతదని.

మరి ఆకలి బిడ్డా. సంవత్సరమంత కష్టం చేసినా మాకు దక్కేది ఏమీ లేకుండె. దొరది తెచ్చుకుంటె పాపం గాదు అంటుండె అమ్మ. అయితదో కాదో నాకిప్పటికీ తెల్వది. వాడు సంచి నింపుకొని వస్తె మాత్రం "నా కొడుకు హుషారోడు" అని తల నిమిరి, జొన్న గట్క ముందుగాల వానికే పెడుతుండె. నాకు, చెల్లెకు తర్వాత.

ఏం చెప్తున్న... ఆఁ, గదే. ఒక ఏడు వానల ముంగట వాడు ఒక మూట తెచ్చిండు. అమ్మ చాటల పోసింది. జొన్నలకు బూడిద, నడుమ ఎండిన యాపాకు. తినే జొన్నలకు బూడిద ఎవలు కలుపుతరు? ఇత్తనాలకే కలుపుతరు, పురుగు పట్టకుంట. మూట కట్టిన గుడ్డ సూస్తెనే ఎరుకైంది, అవి మా ఎనుకింటి ఈరమ్మయి. మొగడు సచ్చి, ఇద్దరు పిల్లలతోని ఉన్నది.

అమ్మ దోసెడు జొన్నలు ఎత్తి సూసి, మల్ల చాటలనే పోసింది. ఇచ్చి రమ్మంటదనుకున్న. నీళ్లు తెచ్చి, బూడిద పోయేదాంక కడిగి, దంచి, రొట్టె చేసింది. అందరం తిన్నం.

వానలు పడ్డయి. అందరు ఇత్తనాలేస్తున్నరు. ఈరమ్మ మా గడపల నిలవడి, "వదినా, దోసెడు ఇత్తనాలుంటె ఇయ్యి" అనడిగె. "మాకాడ యాడియమ్మా" అన్నది మా అమ్మ. ఆమె చేను బీడువడ్డది. పిల్లలను పట్టుకొని కూలికి ఊరిడిసి పోయింది.

ఇత్తు ఒకటేస్తె చెట్టు ఇంకోటి మొలుస్తదా? మల్లిగాడు పెద్దగయ్యి కన్నాలేసె, ఎడ్లను తోలుకపోయె. ఒకనాడు పోలీసోళ్లు రెక్కలు ఎనుకకు కట్టి సావడికాడ కూసోబెట్టిండ్రు. ఊరంత కూడింది. అమ్మ రొమ్ము కొట్టుకుంట ఉరికి, "మా ఇంట్ల ఇసొంటిది లేదు! ఎవలు నేర్పిండ్రురా నీకు?" అన్నది.

వాడు కోపం గిట్ట చెయ్యలే. మెల్లగ అన్నడు, "ఈరమ్మ జొన్నలు కడిగిననాడు అడుగకపోతివి గదనే."

ఊరంత మా దిక్కు సూసింది. నేను అమ్మ ఎనుకనే ఉన్న. బిడ్డా, గా రొట్టె నేను గూడ తింటి.

వాడు మల్ల ఇంటికి రాలే. అమ్మ సచ్చేదాంక చాట ముట్టకపాయె...

బొంగరం గుంజుకొని నువ్వు ఇచ్చి రాకు. వాని చెయ్యి పట్టుకొని పో, వానితోనే ఇప్పియ్యి. ఏడిస్తె ఏడ్వనియ్యి. సల్లగుండాలె నీ కొడుకు, నూరేండ్లు బతకాలె... పో బిడ్డా, జల్ది పో. వాడు దానితోని ఆడక ముందే.