నిండని బ్యాటరీ

మడికొండలో ఒక ఇంటి మెట్ల పక్కన మెకానిక్ ఇన్వర్టర్ మూత తెరిచాడు. ఇంటామె అతని వెనకే నిలబడింది.

"సోలార్ ఉన్నది, కరెంటున్నది. అయినా పొద్దూకితే బ్యాటరీల ఏం ఉంటలేదు. పైన కిరాయికుండే రాజమౌళి దొంగ వైరు గుంజిండు. అది దొరకబట్టు."

"అసొంటి వైరేం లేదమ్మా. బయటికెల్లి కరెంటు ఎంత తీస్కోవాల్నో ఈ ఇన్వర్టర్ల ఒక లిమిట్ ఉంటది. ఎవరో తగ్గించిండ్రు."

"ఇంకెవరు, వాడే."

"ఈ మధ్య జనరేటర్ నడిపిండ్రా?"

"గాలివానకు కరెంటు పోతే నడిపినం. పెట్టంగనే బందైతుండె. మా ఆయన ఈ ఇన్వర్టర్లనే ఏందో నొక్కిండు, మంచిగైంది."

"చిన్న జనరేటర్, అంత లోడ్ మోయదని తగ్గించిండు. కరెంటు గూడ ఆ దారిలనే వస్తది గదా. వచ్చినంక మళ్ల పెంచాలె. పెంచలే. అందుకే బ్యాటరీ నిండుతలేదు."

"నువ్వు గూడ రాజమౌళికి తెలిసినోనివేనా?"

"ఆయన మొఖమే చూడలేదమ్మా. ఇగో, పెంచిన. నిండుతాంది చూడు."

"మరి నేను రాజమౌళిని ఇల్లు ఖాళీ చెయ్యమన్న గదా."

"జర పక్కకు జరుగమ్మా. పైకెల్లి మంచం దించుతాండ్రు."