పిడికెడు బియ్యం, పులికాట్ సేప

"అవ్వా, నువ్వు రేణిగుంటలో సొంతిల్లు ఇడిసిపెట్టి ఆ పులికాట్ ఒడ్డుకి పోయినావంట గదా. భయమెయ్యలేదా నీకు?"

భయమా! ఏమడిగినావే పాపా. కూర్సో ముందు. ఆ కుర్సీ ఇట్ల లాక్కో, ఆడ ఫ్యాను గాలి తగల్లా. భయమెయ్యకుండా ఎట్లుంటాది మే? నాకు నీళ్ళంటే భయం, పడవంటే భయం, సేప వాసనొస్తే కడుపులో తిప్పేది. మా పుట్టినిల్లు పీలేరు తట్టు గదా. సెనక్కాయల సేన్లు, రాళ్ళ గుట్టలు. నీళ్ళంటే బాయిలో నీళ్ళే మాకు, సేపంటే పుస్తకంలో బొమ్మే.

నువ్వెందుకు అడుగుతాండావో నాకు తెల్సులే. కొండల్లో యాడో మిషనరీల ఆసుపత్రికి నర్సుగా రమ్మని పిలిసినారంట, పోవాలనుంది, కాలు కదల్లేదు. మీ అమ్మ నిన్ననే సెప్పింది. సరే, నీ సంగతి తర్వాత. నా సంగతి ఇను.

తొంభైల్లో మాట. నువ్వింకా పుట్టలా. మీ నాయనకి అప్పుడే పెండ్లి అయింది. మీ తాత రైల్వేలో రిటైరయి, ఆ దుడ్లతో ఈ మిద్దె ఏసినాడు. వసారాలో నా కుట్టు మిషను. రేణిగుంటలో ఏ ఆడపిల్లకి జాకెట్టు కుట్టాలన్నా మా ఇంటికే రావాల. జాకెట్టుకి ఎంతనుకున్నావు? ఎనిమిది రూపాయలు. లైనింగు ఏస్తే పన్నెండు. ఇప్పుడు ఆ దుడ్లకి దారపుండ కూడా రాదు. మీ పెద్దత్త పెండ్లికి నేనే కుట్టినా అన్నీ, అదేమో సేతులు బిగుతయినాయని... ఏం సెప్తా ఉన్నా? ఆ, చర్చి.

మా స్త్రీల సమాజంలో ఒక పద్ధతి ఉన్నింది. మీ కాలానికి పోయింది అది. పొయ్యి మింద ఎసరు పెట్టి, బియ్యం కడిగే ముందర ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో ఏసేది. అది దేవుడిది. ఇంట్లో బిడ్డలు అరకడుపున పండుకున్నా ఆ డబ్బా ముట్టేది లేదు. ఆదివారం అందరూ తెస్తే నేను మూటగట్టేదాన్ని. పెత్తనమంతా నాదే అనుకో. ఆ బియ్యంతో, వాక్యం సెప్పే బైబిలమ్మని ఒకామెని పోషించి, పులికాట్ ఒడ్డున ఒక సేపలోళ్ళ పల్లెకి పంపాలని అనుకున్నాం. ఆడ మనోళ్ళు నాలుగిండ్లు ఉండారు, ప్రార్థన పెట్టేవాళ్ళు లేరు, ఆడోళ్ళకి అచ్చరం ముక్క రాదు. పోతానని ఒప్పుకున్నామెకి అత్త మంచాన పడింది. నావల్ల కాదని సెప్పేసింది.

ఇంగ సూడు నా ప్రార్థనలు! ప్రతి శుక్రవారం మోకాళ్ళేసి, కొంగు తలమింద కప్పుకోని, గొంతెత్తి, "ప్రభువా, ఆ బిడ్డల్ని ఎవురు సూస్తారు తండ్రీ, ఎవురినన్నా పంపు తండ్రీ" అని. కన్నీళ్ళు కూడా వచ్చేవి. ఎనక అందరూ ఆమెన్ ఆమెన్ అంటా ఉంటే బలే ఉంటాది మే అట్ల ప్రార్థన సేస్తే.

దీనమ్మవ్వ అని ఒక ముసిలామె ఉన్నింది. కండ్లు సరిగ్గా అవపడవు, నోరు మాత్రం కత్తి. ఒక శుక్రవారం నేనట్ల ముగించంగానే అందరి ముందర అనేసింది, "ఏం మే కరుణమ్మా, ఎవురినో పంపు ఎవురినో పంపు అని దేవుడి పానం తీస్తాండావే. నీకేం, కాళ్ళు లేవా?"

అబ్బ! మొగం యాడ పెట్టుకోవాల్నో తెలీలా నాకి. ఇంటికొచ్చి మీ తాత కాడ ఒకటే గోల. "ఆ ముసిల్దానికి ఏం పోయేకాలం? నేనెట్ల పోతా? మిషను ఎవురు సూస్తారు, కోడలు కొత్తది, ఆ నీళ్ళేంది, ఆ సేపలేంది" అని. ఆయన సంగటి ముద్ద తింటా అంతా ఇన్నాడు. ఇని, "నీకింత కోపమొచ్చిందంటే అది ముసిలామె మాట కాదు మే" అనినాడు. అంతే, మళ్ళా పప్పు ఏసుకోని తింటా ఉండాడు. అదీ ఆయన గుణం. నాలుగు మాటలు సెప్పేది, ఇంగ రేయంతా నన్ను వాటితో ఏగమనేది.

ఆ వారం ఒక్క జాకెట్టు సరిగ్గా కుట్టలా. ఒకామెది సంకలో బిగుతు, ఇంకొకామెది మెడ వదులు. మిషను తొక్కతా దేవుడితో పోట్లాడతా ఉన్నా. పొద్దన ఒప్పుకునేది, సాయంత్రానికి కుదరదనేది. కడాకి నేనే అడిగినా, "ఏమయ్యా, పోదామా?" అని. ఆయన టవలు దులిపి భుజానేసుకోని, "పా" అనినాడు. ఒక ఏడాది సూసొద్దాం అనుకున్నాం.

కాళహస్తి, నాయుడుపేట, సూళ్ళూరుపేట, ఆడ దిగి తడకి ఇంగో బస్సు. తడ దాటితే సగం తెలుగు, సగం అరవం. ఒడ్డు దాంక జీపు, ఆ పైన పడవ. పడవెక్కేటప్పుడు కండ్లు మూసుకున్నా, దిగినాంకనే తెరిసినా. దావలో ఎర్రకాళ్ళ కొంగలు వేలకి వేలు ఉన్నాయంట, మీ తాత సెప్పినాడు. నేను సూడలా.

ఊరోళ్ళు బాగానే సూసినారు. పక్కింట్లో పోలమ్మ అని ఉన్నింది. మన మతం కాదు, వాళ్ళ గంగమ్మకి మొక్కే మనిషి, గొంతెత్తితే అవతల ఒడ్డుకి ఇనపడాల్సిందే. మొదటి దినం పడవలు రాంగానే ఒక పెద్ద సేప తెచ్చి నా గడప కాడ పెట్టింది. ఆ ఊళ్ళో అదీ పద్ధతి. కొత్తగా వచ్చినోళ్ళకి ఇంటింటి నుంచి సేప ఇస్తారు. వాళ్ళు దాన్ని వండి, ఒక గిన్నె పులుసు ఇచ్చినోళ్ళింటికి పంపాల. అప్పుడే నువ్వు ఊరి మనిషివి. నాకిది ఎవురన్నా సెప్పి సస్తే గదా!

నాకేమో ఆ వాసనకే తల తిరగతా ఉండాది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోని, ఆ సేప తీసకపోయి ఊరి కొసాన ఒక ముసిలాయన ఉంటే ఆయనకి ఇచ్చేసినా. మళ్ళా పోలమ్మ దగ్గిర ఊరికే తీసుకుంటే మర్యాద కాదని, సమాజం వాళ్ళు మాకు కట్టిచ్చిన దేవుడి బియ్యం ఉండాయి గదా, దాంట్లోనించి ఒక శేరు కొలిసి ఆమెకి ఇచ్చినా. అంతకంటే గొప్ప వస్తువు నా ఇంట్లో లేదు మే. ఎంతమంది తల్లులు పిడికెడు పిడికెడు ఎత్తిపెట్టిన బియ్యం అది! ఇంగ ఎవురు సేప తెచ్చినా అంతే, సేప ముసిలాయనకి, బియ్యం వాళ్ళకి. శానా బాగా సేస్తాండా అనుకున్నా.

వాళ్ళకేమర్థమయిందో తెల్సా? మా సేప ముట్టదు, ఎవురికో పారేస్తాది, పైన బియ్యం కొలిసి మాకు కూలి ఇస్తాది అని.

మొదటి ఆదివారం సగం ఊరు వచ్చి కూర్సునింది, ఏం సెప్తారో సూద్దామని. తర్వాత తర్వాత తగ్గిపోయినారు. ఒక ఆదివారం మనోళ్ళ నాలుగిండ్ల నుంచి కూడా ఒక్కరు రాలా. సాప పరిసి మీ తాతా నేనే. ఆయన పాట ఎత్తుకున్నాడు. ఆయన గొంతు నీకు తెలీదులే, గొంతు కాదది, తగరం డబ్బా. మామూలుగా అయితే నాకు నవ్వొచ్చేది. ఆ పొద్దు ఏడుపొచ్చింది.

"పోదాం పదయ్యా. దేవుడు పిలవలా మనల్ని. పిలిసినాడనుకోని మనమే వచ్చేసినాం" అనినా. గుడ్డలు మూటగట్టినా. మీ తాత కాదన్లా, పడవాయన్ని పిలిసకరాను పోయినాడు. నేను మూట ఎత్తుకోని ఒడ్డుకి పోతే, ఆడ పోలమ్మ వల సిక్కు తీస్తా కూర్సోనుంది. ఉండబట్టలేక అడిగినా, "ఏం పోలమ్మా, నేనేం తప్పు సేసినా? ఒక్కరన్నా రాకుండా అయినారే" అని.

తలెత్తకుండానే అనింది, "మా సేతి కూడు తినని దాని దగ్గిర మేం ప్రార్థనకి నెత్తిన సెయ్యి పెట్టించుకుంటామా అమ్మగారూ? బియ్యం కొలిసి ఇస్తావే, మేమేమన్నా నీకాడ కూలికున్నామా?"

అప్పుడు తెలిసింది నాకి. మూట ఆడనే పడేసి ఇసకలో కూలబడినా. "అయ్యో పోలమ్మా, గీర కాదు తల్లీ! పుట్టినప్పట్నుంచి సేప నోట పెట్టలా నేను, వాసనకే కడుపులో తిప్పుతాది. ఆ బియ్యం కూలి కాదు. మా ఆడోళ్ళు బిడ్డల నోటికాడ్నుంచి తీసి దేవుడికి ఎత్తిపెట్టిన బియ్యం అది" అని మొత్తం సెప్పినా. ఆమె వల పక్కన పెట్టి నా తట్టు సూసింది. సూసి, "సేప తినలేని దానివి ఈ ఊరికి ఎందుకొచ్చినావమ్మా?" అనింది.

"నేనూ అదే అడుగుతాండా దేవుణ్ణి" అనినా.

ఇంగ నవ్వింది సూడు ఆ యమ్మ, వల మింద పడి పడి నవ్వింది. నాకూ నవ్వాగలా. "పులుసు పెట్టేది నేర్పుతావా?" అనినా. వాళ్ళింటికి లాక్కపోయింది. సేప నేనే కడిగినా, నేనే కోసినా, సింతపండు పిసికినా, కంట్లో నీళ్ళు ముక్కులో నీళ్ళు ఒకటే. ఊరి ఆడోళ్ళంతా తడికె మించి తొంగి సూస్తా ఉన్నారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకోని మింగినా. లేసి ఇంటెనక్కి పరిగెత్తినా. అంతా బైటికొచ్చేసింది. మొగం కడుక్కోని, మళ్ళా వచ్చి అదే పీట మింద కూర్సోని ఇంగో ముద్ద పెట్టుకున్నా. పోలమ్మ నా సెయ్యి పట్టుకోని, "సుమ్మా, ఊరికే కూర్సోక్కా. సాలు. మాకు తెలిసింది" అనింది. అమ్మగారు పోయి అక్క అయిపోయినా ఆ పొద్దు.

మీ తాత పడవాయన్ని ఎనక్కి పంపేసినాడు. ఆ పై ఆదివారం అందరూ వచ్చినారు. మీ తాత పాటకి అందరూ నవ్వినారు, అందరూ పాడినారు. ఏడాది అనుకున్నది ఏండ్లకి ఏండ్లు అయిపోయింది. నేను అచ్చరాలు నేర్పినా, మిషను తెప్పించి కుట్టు నేర్పినా. పోలమ్మ మాత్రం బాప్తిస్మం తీసుకోలా. ఆమె గంగమ్మ ఆమెది. నేను బలవంతం పెట్టలా, ఆమె ఆదివారం మానలా. "మీ దేవుడి పాటలు బాగుంటాయక్కా, నువ్విచ్చే కాపీ ఇంకా బాగుంటాది" అనేది.

తర్వాత మీ తాత... క్రిస్మసుకి ఈడికొచ్చినాం. గుండె నొప్పి అనినాడు. తిరుపతి ఆసుపత్రికి తీసకపోయినాం, నిలవలా. మట్టి సేసినాంక పెట్టిన ఆదరణ కూటానికి ఇల్లు పట్టనంత జనం. మీ నాయన అందరి ముందర సెప్పేసినాడు, "మాయమ్మ ఇంగ ఆడికి పోదు, నాయన లేకుండా ఒక్కతే ఎట్లుంటాది" అని. నిజం సెప్తాండా పాపా, నాకూ అదే బాగుండాది అనిపించింది. నా ఇల్లు, నా కొళాయి, నా ఒళ్ళో నువ్వు. ఇద్దర్ని పిలిస్తివి ప్రభువా, ఇద్దరం పోతిమి, ఇప్పుడు ఒక్కదాన్ని పంపవులే అనుకున్నా.

అప్పుడొచ్చినారు వాళ్ళు. పోలమ్మా, ఇంగా ఎంతమందో ఆడోళ్ళు. యాడ దిగాల్నో తెలీక కాళహస్తిలో దిగి, మళ్ళా ఇంగో బస్సెక్కి. ఉన్నదాంట్లో మంచి కోకలు కట్టుకోని వచ్చినారు. వాళ్ళొచ్చి కూర్సుంటే మనోళ్ళు కొందరు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకేమో ఆ వాసన తగలంగానే ఏడుపు ఆగలా.

పోలమ్మ నా ముందర కూలబడి, నా రెండు సేతులు పట్టుకోని, నాతోబాటే ఏడ్సింది. ఏడ్సి మొగం తుడుసుకోని, అందరూ ఇంటా ఉండంగా అడిగింది. "అక్కా, బావ పోయినాడు. నువ్వు కూడా పోయినట్టేనా మాకి?"

మన దేవుడికి ఒక్కనాడు మొక్కని గొంతు అది. అయినా ఆ గొంతులోనించి పిలస్తా ఉండేది ఎవురో నాకి తెలిసిపోయింది. మొదటిసారి దీనమ్మవ్వ మాటకి కోపమొచ్చింది గదా, ఈసారి కోపం కూడా రాలా. మీ నాయన అరిసినాడు, శానా దినాలు నాతో మాట మాట్లాడలా. నేను పోయినా. మోకాళ్ళు పోయినాంకనే తిరిగొచ్చినా.

ఈసారి పడవెక్కినప్పుడు భయం ఇంకా ఎక్కువేసింది పాపా. పక్కన ఆయన లేడు. పోలమ్మ భుజం గట్టిగా పట్టుకోని కూర్సున్నా, అవతల ఒడ్డు దాంక ఇడిసిపెట్టలా.

నిన్ను పో అని నేను సెప్పను. వద్దని సెప్పమని మీ అమ్మ అడిగింది, అదీ సెప్పను. అది నీకూ దేవుడికీ ఉండే సంగతి. దా, తల ఇట్ల పెట్టు. ఇంకా దగ్గిరికి రా, నా సెయ్యి అందల్లా. ప్రభువా... ఈ బిడ్డ నా మాదిరే భయస్తురాలు తండ్రీ. పోయిన సోట దీనికి ఒక పోలమ్మ ఉండాల. అంతకంటే ఏం అడగను. ఆమెన్ అను మే. ఏడస్తావెందుకు, ఆమెన్ అను...