గోతిలో నాలుగు రోజులు

పొద్దున ఏడింటికి, రేకు పెట్టెలు చేసే పక్కింటాయన చేతిలో సుత్తితోనే వచ్చి, గడియారాలు బాగుచేసే అతని గుమ్మంలో నిలబడ్డాడు.

"అది కాదు అబ్బాయ్, నేనడిగేది ఒకటే. వాణ్ణి గోతిలోంచి పైకి తీశారా, లేదా?"

"ఎవర్ని బాబాయ్?"

"ఆ రంగుల అంగీ పిల్లాణ్ణి. అన్నలంతా కలిసి తోసేశారుగా. సోమవారం తోశారు. ఇవాళ శుక్రవారం."

"అంటే... నేను బైబిల్ చదువుతుంటే మీరు వింటున్నారా?"

"వినక? మన మధ్య ఉన్నదీ ఒక గోడేనా? నువ్వు తుమ్మితే నేను మూతి తుడుచుకుంటాను."

"మీకు ఇబ్బందేమో అనుకున్నా."

"ఇబ్బందే. ఆపేశావు చూడు, అదీ ఇబ్బంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే వాడే గుర్తొస్తున్నాడు. గోతిలో నీళ్ళు కూడా లేవంటివి."

"అది జరిగి వేల ఏళ్ళయింది బాబాయ్."

"నాకు సోమవారమే జరిగింది. ఎందుకాపావు?"

"గొంతు బాగాలేదు."

"నిన్న అద్దె అడిగిన ఇంటాయనతో దెబ్బలాడినప్పుడు బాగానే ఉందే."

"కళ్ళజోడు కనపడ్డంలేదు."

"నీ ముక్కు మీదుంది."

"ఓహో, ఇక్కడే ఉందా."

"చెప్పు అబ్బాయ్."

"నిజం చెప్తే కోపం రాకూడదు. నేను మొదట్లో దేవుడి కోసం చదవలేదు. మీ మీద కోపంతో చదివాను."

"నా మీదా?"

"పొద్దున్నే ఠంగు ఠంగుమని మీ సుత్తి. ఆవగింజంత మర బిగిద్దామని కూర్చుంటే ఎగిరి మంచం కిందికి పోయేది. పెద్దవారు, మిమ్మల్ని తిట్టలేను. అందుకని బైబిల్ తీసి గట్టిగా చదవడం మొదలెట్టా."

"దేవుణ్ణి నా మీదికి ఉసిగొల్పావన్నమాట."

"అలాంటిదే."

"మరి?"

"మీ సుత్తిని మించాలని అరిచేవాణ్ణి. అరిచిన మాటలు ముందు నా చెవినే పడేవి. రానురాను సుత్తి వినిపించడం మానేసింది. ఎవరో నా పక్కనే కూర్చుని వింటున్నట్టుండేది."

"నేనే."

"మీరు కాదు బాబాయ్."

"సరే, ఆయన అటు కూర్చున్నాడు, నేను గోడకి ఇటు. సోమవారం ఏమొచ్చింది మరి?"

"నాకో తమ్ముడున్నాడు."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదే."

"ఒకే దుకాణంలో కూర్చునేవాళ్ళం. వచ్చినవాళ్ళు నన్ను చూసి, 'చిన్నాయన లేడా' అనేవారు. రోజూ అదే మాట. చిన్నాయన లేడా, చిన్నాయన లేడా. ఆరేళ్ళ కింద, వాడు గడియారం దొంగిలించాడని చెప్పి పంపేశాను."

"దొంగిలించాడా?"

"లేదు."

"ఊఁ."

"సోమవారం ఆ అన్నల దగ్గరికి వచ్చేసరికి, పక్కన కూర్చున్నాయన నా వైపే చూస్తున్నట్టయింది. మూసేశాను. ఇంకాస్త ముందుకెళ్తే ఆ తమ్ముడు అన్నలందర్నీ క్షమిస్తాడు. అది చదివే మొహం నాకు లేదు."

"అంటే పైకి తీశారన్నమాట."

"బాబాయ్..."

"హమ్మయ్య. బతికాడు."

"నేను నా గోడు చెప్పుకుంటున్నాను."

"వింటున్నానయ్యా. ఫోన్ తియ్యి."

"వాడు ఎత్తడు."

"ఎత్తకపోతే రేపు మళ్ళీ చేద్దువు. నేను నాలుగు రోజులు ఆగలేదూ?"

"మోగుతోంది... ఆఁ, నేనేరా... నేను, అన్నయ్యని... లేదు, ఎవరూ పోలేదు... లేదురా, ఒంట్లో బాగానే ఉంది... అది కాదు... నువ్వు తియ్యలేదని నాకు అప్పుడే తెలుసురా. తెలిసే అన్నాను... ఉన్నాను, వింటున్నాను... ఆదివారమా? వస్తాను... వస్తానన్నానుగా."

"ఏమంటాడు?"

"ఫోన్‌లో తిడితే కడుపు నిండదట. ఎదురుగా కూర్చోబెట్టి తిడతాడట, రమ్మన్నాడు."

"మంచివాడు. కళ్ళు తుడుచుకుని పుస్తకం తియ్యి ఇక."

"తీస్తాను. గోతి దగ్గర్నించే చదువుతా. మీరు వెళ్ళి పని చూసుకోండి. ఈ నాలుగు రోజులూ తెగ కొడుతున్నారు, చేతినిండా పెట్టెలున్నట్టున్నాయి."

"పెట్టెలెక్కడివి అబ్బాయ్? చేతులు వణుకుతున్నాయని పని మానేసి మూడు వారాలైంది. సుత్తి చప్పుడైతే గానీ నువ్వు పుస్తకం తియ్యవని కనిపెట్టి, పొద్దున్నే కూర్చుని ఉత్తి రేకు కొడుతున్నా."