ఎర్రదా, నీలందా

ఆదివారం మధ్యాహ్నం. గోదాముల మధ్య ఖాళీ రోడ్డు మీద, టెస్ట్ డ్రైవుకి ఇచ్చిన నీలం కారు ఓ పక్కగా ఆగి ఉంది. స్టీరింగు ముందు సేల్స్‌మాన్. అతని పక్కన, ముప్ఫై ఒక్క ఏళ్ళు అంబులెన్సు నడిపి రిటైరైన తండ్రి. వెనక సీట్లో ఆయన కూతురు. ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసుకునే నర్సు.

“బాగాలేదు నాన్నా.”

“ఏం బాగాలేదే?”

“వెనక సీటు. మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతున్నాయి.”

“పొద్దున ఎర్రదాంట్లో కూర్చుని ఏమన్నావు?”

“ఏమన్నాను?”

“వెనక అద్దం చిన్నదన్నావు. పోయిన వారం తెల్లదాంట్లో ఏసీ వాసనొస్తోందన్నావు. అంతకుముందు దాని హారన్ మేకపిల్ల అరిచినట్టుందన్నావు. ఆరు షోరూములు! నాలుగు నెల్లు! పెళ్ళిచూపులకి కూడా ఇన్ని వంకలు పెట్టలేదు కదే నువ్వు!”

“సార్, వెనక అద్దం అంటే గుర్తొచ్చింది. ఎర్రదాని గురించి నేను చెడ్డగా మాట్లాడకూడదు, మాకు రూలు. కానీ దాని వెనక అద్దంలోంచి చూస్తే, మనం వెళ్ళేది కారులోనా పోస్టు డబ్బాలోనా అని...”

“నువ్వుండవయ్యా. నీ కారు గురించి నువ్వు చెప్పక్కర్లేదు, నేను చెప్తాను. వినవే. ఎర్రదాంట్లో టర్బో ఉంది. కాగితం మీద బలం దానిదే ఎక్కువ. కానీ కింది నుంచి లాగదు. తొక్కితే కాసేపు ఆవులిస్తుంది, ఇంజిను రెండు వేల చుట్లు దాటాక ఉలిక్కిపడి లేచి ఒక్కసారి దూకుతుంది. దీనికి అంత బలం లేదు. ఉన్నదంతా మొదటి నుంచీ చేతికిస్తుంది. ఎర్రదాని స్ప్రింగులు బండరాళ్ళు. ఇది గుంత వస్తే గుంత వచ్చిందని చెప్తుందంతే, నడుం విరగ్గొట్టదు.”

“నడపకుండానే అంతా తెలిసిపోయిందా నీకు?”

“వీపుకి తెలుస్తుంది. చెవికి తెలుస్తుంది. అయినా నడపనిస్తే కదా? ప్రతిచోటా సేల్స్‌మానే నడుపుతాడు, నేను పక్కన పెళ్ళికొడుకులా కూర్చుంటాను.”

“అది... వాళ్ళ రూలేమో నాన్నా. ఇన్సూరెన్సు ఏదో ఉంటుంది.”

“లేదు మేడమ్, మాకలాంటి రూలేం లేదు. మీరే కదా నిన్న ఫోన్ చేసి, సార్‌కి స్టీరింగు ఇవ్వొద్దని... అంటే... క్షమించండి మేడమ్. మా మేనేజర్ ఫోన్ చేస్తున్నారు. ఒక్క నిమిషం దిగి మాట్లాడొస్తాను.”

“ఫోన్ మోగనే లేదు వాడిది.”

“నాన్నా...”

“ఫోన్ మోగలేదు, వాడు దిగిపోయాడు. నీ మొహం చూళ్ళేక. ఆరు షోరూములకీ చెప్పావా?”

“ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

“ఆరింటికీ చెప్పావా, లేదా?”

“చెప్పాను! ఆరింటికీ చెప్పాను. మీ కారు తాళాలు మా నాన్న చేతికివ్వకండి అని బతిమాలుకున్నాను. చాలా?”

“నేనేమన్నా దొంగనా?”

“గేటుని ఎవరు గుద్దారు నాన్నా?”

“ఏ గేటు?”

“మనింటి గేటు! ఎదురింటాయన వ్యాను తగిలిందన్నావు. ఆయన అప్పటికి నెల రోజులుగా ఊళ్ళోనే లేడు. వ్యాను తాళం వేసుంది. గేటు రంగు మన కారు కుడి తలుపుకి అంటుకునుంది. నేనేమన్నా చిన్నపిల్లనా, వ్యాను కథలు చెప్తే నమ్మడానికి?”

“గేటు ఇరుగ్గా ఉంది.”

“పాతికేళ్ళ నుంచీ అంతే ఇరుగ్గా ఉంది. నీ చొక్కా ఉతకబోతే జేబులో కళ్ళాసుపత్రి చీటీ దొరికింది. నీటికాసులట. రెండు కళ్ళకీ పక్కచూపు సగం పోయిందట. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్క నుంచి వచ్చేది కనపడదు. పక్క సందులోంచి సైకిలు మీద ఒక పిల్లాడు వస్తే? నేను రోజూ మందులిచ్చేది ఎవరికనుకున్నావు? అలా గుద్దించుకుని మంచాన పడ్డవాళ్ళకే!”

“జేబులు వెతుకుతున్నావన్నమాట.”

“ఉతకబోతే దొరికిందన్నాను! అది కాదు నీకు వినపడాల్సింది.”

“మరి నాలుగు నెల్లుగా నోరు మూసుకుని ఎందుకున్నావు? మొహం మీద చెప్పలేవా? నాన్నా, నువ్వింక పనికిరావు అని?”

“ఎలా చెప్పను? స్టీరింగు లేకపోతే అన్నం సయించదు నీకు. అందుకే పాత కారు షెడ్డులో పెట్టించాను. పార్టు రాలేదన్నది అబద్ధం. మెకానిక్‌తో నేనే చెప్పించాను.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“మెకానిక్ నా అంబులెన్సు దగ్గర పని నేర్చుకున్నవాడే. మొదటి రోజే చెప్పాడు.”

“మరి అడగలేదేం?”

“ఎంతకాలం చెప్తావో చూద్దామని. పార్టు ఓడలో వస్తోందన్నావు, ఓడ తుఫానులో చిక్కుకుందన్నావు. మునిగిపోయిందంటావని ఎదురుచూస్తున్నాను.”

“నవ్వకు. నాకు ఒళ్ళు మండిపోతోంది.”

“నాకు మండట్లేదా? వెనకాల ఆ హారన్ ఏంటి?”

“లారీ. గోదాములోంచి బయటికి రావాలి వాడు. మనం గేటుకి అడ్డంగా ఉన్నాం. ఏమండీ! సేల్స్‌మాన్ గారూ! ఈయనెక్కడికి పోయాడు?”

“అటు చివర, నిజంగానే ఫోన్లో ఉన్నాడు. నువ్వెక్కు స్టీరింగు ముందుకి.”

“నేనా? నీకేమన్నా పిచ్చా?”

“సరే, నేనెక్కుతాను.”

“నాన్నా, జరక్కు. జరగొద్దన్నానా! నాన్నా!”

“లారీవాడు తిడుతున్నాడు. నువ్వెక్కుతావా, నన్నెక్కమంటావా?”

“ఎక్కుతున్నాను! దిగి వస్తున్నాను, కదలకు నువ్వు. ఛీ, ఏం మొండిమనిషివి! నీతో ఎవరు వేగుతారు? అమ్మ ఎలా వేగిందో!”

“మేడమ్! మేడమ్, ఒక్క నిమిషం! మీకు లైసెన్సు ఉందా?”

“ఉంది, బ్యాగులో ఉంది. మీరు వెనకెక్కండి ముందు.”

“క్లచ్ పూర్తిగా తొక్కు. మొదటి గేరు.”

“నాకు తెలుసు.”

“మెల్లగా వదులు.”

“తెలుసన్నానా! కొంచెం ముందుకి జరిపి ఆపేస్తాను. లారీ వెళ్ళిపోతుంది.”

“ఆపితే మళ్ళీ అడ్డమే. లారీ తిరగడానికి చోటు చాలదు. పోనీ. రెండో గేరు.”

“ఎక్కడి దాకా పోనీ?”

“చివర్న రౌండు ఉంది మేడమ్, అక్కడ తిప్పుకోవచ్చు. రెండు కిలోమీటర్లే. మెల్లగా వెళ్దాం మేడమ్. నాకు ఇంట్లో ఇద్దరు పిల్లలు.”

“పన్నెండేళ్ళయింది నేను స్టీరింగు పట్టుకుని. తెలుసా నీకు?”

“ఎవరు పట్టుకోవద్దన్నారు?”

“ఎవరా? ఎవరు పట్టుకోవద్దన్నారా? వంతెన ఎక్కుతుంటే కారు జానెడు వెనక్కి జారి, వెనకున్న స్కూటరుకి తగిలింది. గీత కూడా పడలేదు. నువ్వేం చేశావు? నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా, మనుషుల్ని చంపడానికి పుట్టావా అన్నావు. తాళం లాక్కున్నావు. నన్ను దింపేసి వెళ్ళిపోయావు. బస్సెక్కి ఇంటికొచ్చాను. అప్పట్నుంచీ బస్సులే ఎక్కుతున్నాను.”

“మూడో గేరు.”

“వేశాను. రోజుకి మూడు బస్సులు. వానలో, ఎండలో, భుజాన సెలైన్ సీసాలు వేసుకుని. బస్సు ఆలస్యమై ఒక ముసలావిడ గంటన్నర నొప్పితో మెలికలు తిరిగింది, ఇంజెక్షన్ నా సంచిలో ఉంది. ఆ రోజు ఎవర్ని తిట్టుకున్నానో తెలుసా?”

“నన్నే.”

“నిన్నే!”

“తిట్టుకోవాల్సిందే. ఎదర గుంత.”

“చూశాను! నేను స్టీరింగు ముందు కూర్చుంటే చేతులు వణుకుతాయి నాన్నా. నీ గొంతు వినపడుతుంది. మనుషుల్ని చంపడానికి పుట్టావా అని. మెళ్ళో స్టెతస్కోపు వేసుకుని తిరిగేదాన్ని, నన్ను అంత మాటన్నావు.”

“ఆ రోజు పొద్దున...”

“ఏంటి పొద్దున?”

“ఏం లేదు.”

“ఎప్పుడూ అంతే. సగం మాట మింగేస్తావు. చెప్పు!”

“ఆ రోజు పొద్దున డ్యూటీలో ఒక పిల్లని ఎక్కించుకున్నాను. నీ వయసే. కొత్తగా నేర్చుకుంటోందట. కారు వంతెన మీద నుంచి వెనక్కి జారింది. అంబులెన్సులో వాళ్ళ నాన్న ఎదురుగా కూర్చుని చెప్పులు పట్టుకుని ఉన్నాడు. ఆ పిల్లవి. ఆస్పత్రి దాకా ఎంత తొక్కినా నా బండి వేగం... చాలదు. చాల్లేదు. సాయంత్రం నువ్వు అదే వంతెన మీద వెనక్కి జారావు.”

“పన్నెండేళ్ళు ఎక్కడ దాచావు ఆ మాట?”

“నువ్వు అడగలేదు.”

“అరిచినవాడు చెప్పాలి నాన్నా! అడగాల్సింది నేనా?”

“తప్పే. ఒప్పుకుంటున్నాను, తప్పే నాది. ఇంతకంటే ఏం... ముందు సిమెంటు లారీ ఉంది, దాటు.”

“దాటను.”

“దాని వెనకే ఉంటే దుమ్ము తప్ప దారి కనపడదు. ఎదురుగా ఎవరూ లేరు కదా?”

“లేరు. నీకు కనపడుతోందా?”

“నాకు కాదు, నీకు కనపడుతోందా అని అడుగుతున్నాను.”

“కనపడుతోంది. ఖాళీగానే ఉంది.”

“మరింకేం? రెండుకి దింపు. తొక్కు. గట్టిగా తొక్కవే, చీమని తొక్కినట్టు కాదు!”

“అరవకు!”

“అరుస్తాను! తొక్కు!”

“తొక్కుతున్నాను! తొక్కానుగా! ఇదిగో, దాటేశాను! చాలా? తృప్తా?”

“ఎర్రదైతే ఇప్పటికీ ఆ లారీ పక్కనే ఆవులిస్తూ ఉండేది.”

“సార్, ఆ మాట మా వెబ్‌సైటులో రాస్తారా?”

“నువ్వుండవయ్యా!”

“మీరుండండి, సేల్స్‌మాన్ గారూ!”

“సరే మేడమ్. రౌండు వచ్చింది. చాలా బాగా తిప్పారు. నేను కళ్ళు తెరవొచ్చా?”

“స్టీరింగు ఎలా ఉందే?”

“ఎలా ఉంటుంది, గుండ్రంగా ఉంది.”

“అడిగినదానికి చెప్పు.”

“తేలిగ్గా ఉంది. కానీ గాల్లో తేలినట్టు లేదు. చక్రం ఎటు చూస్తోందో చేతికి తెలుస్తోంది.”

“బ్రేకు?”

“ముట్టుకుంటే చాలు. నాన్నా, నన్ను మాటల్లో పెట్టకు, కోపం తగ్గలేదు నాకు.”

“తగ్గమనలేదు. భయపడేవాళ్ళకి బలమున్న కారు కాదు, చెప్పగానే మాట వినే కారు కావాలి. అందుకే నీలంది.”

“ఎవరికి భయం?”

“సిగ్నల్ పడింది, చూడు.”

“చూశాను. ఆపాను. చేతులు చూడు నాన్నా.”

“ఏమయింది?”

“వణకట్లేదు.”

“తిట్టేటప్పుడు ఎవరికీ వణకవు. ఇంకో నెల రోజులు నన్ను తిడుతూ నడుపు.”

“నీకు తెలిసే చేశావు కదూ ఇదంతా? తెలిసే రెచ్చగొట్టావు!”

“లారీని నేను పిలిపించానా? పచ్చ లైటు.”

“షోరూము వచ్చేసింది మేడమ్, ఆ పక్కన ఆపండి. హమ్మయ్య. చాలా థాంక్స్ మేడమ్. సార్, మంచినీళ్ళు తెస్తాను. మీక్కాదు, నాక్కావాలి.”

“వెళ్ళాడుగా. ఇప్పుడు విను నాన్నా. కారు బాగుంది. బాగుందని ఒప్పుకుంటున్నాను. కావాలంటే ఇవాళే బుక్ చేద్దాం. కానీ ఒక్క మాట. పన్నెండేళ్ళ నాటిది ఏదో చెప్పి నన్ను ఏడిపించావు కదా అని నేను మెత్తబడను. ఇది ఇంటికొచ్చాక తాళాలు నా దగ్గరే ఉంటాయి. నువ్వు అరిచినా ఇవ్వను. అన్నం మానేసినా ఇవ్వను. వీధి చివర దాకా అని బతిమాలినా ఇవ్వను. కారు గేటు దాటాలంటే నేను ఉండాలి. నన్ను తిట్టుకో, రాక్షసి అనుకో, నాకేం ఫరవాలేదు. వింటున్నావా?”

“విన్నాను. ఎందుకంత గొంతు చించుకుంటావు? కళ్ళాసుపత్రి నుంచి నేరుగా రవాణా ఆఫీసుకే వెళ్ళి, నా లైసెన్సు తిరిగిచ్చేసి ఇంటికొచ్చాను. అప్పటికి మనం మొదటి షోరూము మెట్లు కూడా ఎక్కలేదు. ఈ నాలుగు నెల్లూ కారు చూస్తున్నది నాకోసమనుకున్నావటే?”