లోయను పూడ్చిన వాళ్ళకు

మిత్రులారా, థెల్మా స్టోబర్ట్‌ను నీళ్ళు చంపలేదు. మీరు చంపారు.

వానలో తడుస్తూ వచ్చారు. గుమ్మం దగ్గర టోపీలు తీశారు. గని మూతబడ్డాక కూడా మనకు మిగిలిన ఈ కార్మికుల హాలులో, నల్లగుడ్డ చుట్టిన మన గని సంఘం జెండా కింద, బుద్ధిగా కూర్చున్నారు. ఇంతమంది వచ్చినందుకు నేనున్న బస్సు డ్రైవర్ల సంఘం తరఫున కృతజ్ఞతలు చెప్పమని నన్ను పంపారు. చెబుతున్నాను. కానీ ఆమె బతికుండగా ఇదే హాలుకు పిలిచినప్పుడు మీరంతా ఎక్కడున్నారు?

మూడు వారాల కింద జరిగింది అందరికీ తెలుసు. పూడ్చిన లోయ అడుగున వాగు కోసం వేసిన తూము పగిలింది. పైన కట్టిన ముసలివాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. డెబ్బై తొమ్మిదేళ్ళ థెల్మా పక్కింటికి వెళ్ళి, నడవలేని ఐజాక్‌ను వంటింటి బల్ల మీదికి ఎక్కించింది. పడవ వచ్చేదాకా నడుంలోతు చలినీళ్ళలో అతన్ని పట్టుకుని నిలబడింది. ఐజాక్ బతికాడు. ఆమె ఊపిరితిత్తులు బతకలేదు.

మన ఊరి పేరు థ్రిస్‌డీన్. ఆ చివరి ముక్క ‘డీన్’ అంటే లోయ అని ఆమె బళ్ళో ఎన్ని తరాలకు వల్లె వేయించిందో! నాకూ వేయించింది. ఈ నేల మీద వెయ్యేళ్ళకు పైగా ఉన్న మాట అది. మొదట్లో దాన్ని ‘దెను’ అనేవాళ్ళు. ఆ కాలం మనుషులకు లోయ అంటే ఒకటే మాట కాదు. గిన్నెలా గుండ్రంగా ఉండేదానికి ఒకటి, కొండల మధ్య ముడుచుకుపోయినదానికి ఒకటి, గొడ్డలివేటులా నిటారుగా దిగేదానికి మరొకటి. వాగు వెంట వంపులు తిరుగుతూ పొడుగ్గా సాగేది దెను. అందం చూసి పెట్టిన పేర్లా అవి? కాదు. ఎక్కడ ఇల్లు కట్టొచ్చో, ఎక్కడ నీళ్ళు నడుస్తాయో బిడ్డలకు చెప్పుకోవడానికి పెట్టిన పేర్లు.

తర్వాత ఫ్రెంచి దొరలు గుర్రాల మీద వచ్చారు. వాళ్ళ నోటి నుంచి ‘వ్యాలీ’ వచ్చింది. దెను ఈ దేశపు దక్షిణాది ఊళ్ళ పేర్ల చివర గుర్తుపట్టలేనంతగా అరిగిపోయింది. ఉత్తరాన ఈ డర్హమ్ తీరంలో మాత్రం డీన్‌గా బతికింది. ఎలా బతికింది? మన అవ్వలు పుల్లలు ఏరుకోవడానికి డీన్‌లోకి దిగారు కాబట్టి. మన అమ్మానాన్నలు ప్రేమించుకోవడానికి డీన్‌లోకి దిగారు కాబట్టి. నవ్వకండి, మీలో సగం మంది పుట్టుక అక్కడిదే.

అలాంటి డీన్‌ను ఏం చేశాం? గని ఇచ్చే బొగ్గు ఇంటింటా కాల్చాం, బూడిద తీసుకెళ్ళి అందులో పోశాం. కంపెనీ రాళ్ళు పోసింది, పురపాలక సంఘం చెత్త పోసింది. థెల్మా తండ్రి కత్‌బర్ట్ తోలిందే బూడిద బండి. ఆయన్ను పూడ్చి వచ్చిన రోజున ఇక్కడే పంది మాంసం రొట్టెలు తింటున్నాం. చావింటి రొట్టె తింటూ పోయినవాళ్ళను ఒక్క మాట అనకూడదన్నది మన ఆచారం. ఆమె లేచి నిలబడింది. “మా నాన్న మంచోడు. ఈ ఊరి లోయను పూడ్చింది కూడా మా నాన్నే. రెండూ నిజమే, రొట్టెలు తినండి” అంది. ఆమె మేనత్త ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. కన్నతండ్రి విషయంలోనే నిజం మింగని మనిషి మీ దగ్గర మింగుతుందా?

తర్వాత ఆ పూడిక మీదే ఇళ్ళు కట్టారు. డీన్ బ్యాంక్, అంటే లోయ గట్టు, అన్న వీధిపేరు పీకేసి వ్యాలీ వ్యూ అని పెట్టారు. డీన్ అంటే జనం చెమ్మకు భయపడతారట! “చూడ్డానికి వ్యాలీ ఏదయ్యా? దాని నెత్తిమీదే కదా కూర్చున్నారు” అని థెల్మా సభలో అడిగింది. కౌన్సిలర్‌గారు నవ్వారు. “మిస్, చచ్చిన మాట కోసం బతికున్నోళ్ళ ఇళ్ళు ఆపుతారా?” అన్నారు. “చచ్చిందని నువ్వెవడివి చెప్పడానికి? గట్టిగా ఒక్క వాన పడనీ” అంది. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆమెకు కాదు, కౌన్సిలర్‌కు. ఇల్లు లేక చివరికి ఆమె ఆ వీధిలోనే అద్దెకు చేరాల్సి వచ్చినప్పుడు “ఏం మిస్, వ్యాలీ బాగా కనబడుతోందా?” అని ఎగతాళి కూడా చేశారు.

సరే, పాలకులు పాలకులే. వాళ్ళ నుంచి నేనేమీ ఆశించలేదు. ఇప్పుడు మీ సంగతికి వస్తాను.

ఆ ఇళ్ళ వెనకే మీ పెరటి మడులున్నాయి. ఎవరివి లావో తేల్చే సెప్టెంబరు పోటీ కోసం ముంజేతంత లావు లీక్ ఉల్లికాడలు పెంచే మడులు. ఎవడి మడి వాడికి గుడి. ఏ ఎరువేశావురా అని కన్నకొడుకు అడిగినా చెప్పరు. పక్కవాడు వచ్చి కోసేస్తాడని కాపలా పడుకుంటారు. పోయిన వసంతంలో మడి తవ్వితే అడుగు నుంచి నీళ్ళు ఊరాయి. పై నుంచి కాదు, అడుగు నుంచి! చూశారా లేదా? వాన లేని రోజున కూడా ఊరాయి. థెల్మా కర్ర పట్టుకుని గేటు గేటుకూ తిరిగింది. “నీళ్ళేమైనా కనబడ్డాయా నాయనా?” అని అడిగింది. “ఏం లేదు మిస్, నేల బ్రహ్మాండంగా ఉంది” అన్నారు. ఒకరు కాదు, అందరూ. చెబితే మడి సంగతి పక్కవాడికి తెలిసిపోతుంది. చెబితే మడి ఖాళీ చేయమంటారు. అందుకని ప్రతివాడూ తన ఒక్కడి మడిలోనే నీళ్ళున్నాయని అనుకుని, రాగి బిళ్ళంత బహుమతి కోసం నోరు కుట్టుకున్నాడు. ఒక్కడు చెప్పి ఉంటే తూము తవ్వి చూసేవాళ్ళు. ఒక్కడంటే ఒక్కడు!

మొన్న ఐజాక్‌ను చూడ్డానికి వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని, “నన్ను మళ్ళీ ఆ ఇంటికే పంపుతారంట కదరా అబ్బాయ్, నిజమేనా? ఈసారి పక్కింట్లో ఎవరుంటారు?” అన్నాడు. నిజమే. తివాచీలు ఆరేసి, గోడలకు రంగు కొట్టి, క్రిస్మస్ లోపు తాళాలు ఇచ్చేస్తారట. ఆమెకు కన్నీళ్ళు అక్కర్లేదు. అవి కూడా నీళ్ళే. కావలసినవి ఇవి:

వ్యాలీ వ్యూలోకి ఒక్క ముసలి ప్రాణాన్ని కూడా తిరిగి పంపకూడదు. ఎత్తు మీద ఇళ్ళివ్వాలి, అదే అద్దెకు.

తూమును తవ్వి తీసేయాలి. వాగుకు ఆకాశం చూపించాలి.

వీధికి డీన్ బ్యాంక్ అన్న పేరు తిరిగి పెట్టాలి.

లోయను పూడ్చిన చోటల్లా, అది లోయ అని కొనేవాళ్ళకూ అద్దెకు దిగేవాళ్ళకూ ముందే చెప్పాలి.

మడిలో నీళ్ళు చూసిన ప్రతివాడూ ఈ తలుపు దాటకముందే ముందుకొచ్చి చెప్పాలి, రేపు ఆమె చావు మీద జరిగే విచారణలోనూ చెప్పాలి.

ఇప్పుడు అందరూ లేచి నిలబడాలి. రెండు నిమిషాలు మౌనం. అది మనకు బాగా చేతనైన పని. ఈ ఊళ్ళో ఇదే ఆఖరిసారి కావాలి.