నీడ పడని జాగ

నైజాం రోజులు. సిద్దిపేటలో సాయంత్రం బడి విడిచాక, ఊరవతలి వాడ నుంచి రాహేలు తల్లి వచ్చి వాకిట్లో నిలబడింది. అరుగు మీదున్న పంతులుకు ఆమె ముఖం చూసే ధైర్యం చాలలేదు.

“నా బిడ్డను బడికి రావద్దన్నరట, ఎందుకయ్యా?”

“నేనన్లేదమ్మా. నిన్న వాకిట్ల కట్టె పాతి, దాని నీడను పిల్లలతోని గీయించిన. గప్పుడు నీ బిడ్డ నీడ పటేలు కొడుకు మీద పడ్డదట. అది మళ్లొస్తే బడే మూయిస్తనన్నడు పటేలు.”

“పోరి గిది గీసిచ్చింది, సూడున్రి.”

ఆమె పలకను అరుగు అంచున పెట్టి వెనక్కి జరిగింది.

“పొద్దుగాల బడికి పడమట కూసుంటదట. మాపటికి తూర్పుకు జరుగుతదట. గట్లయితే దాని నీడ బడి దిక్కు రానే రాదట. బడి నీడే దాని మీద పడ్తదట. గది చాలంటది. నిజమేనా అయ్యా?”

పంతులు పలక అందుకుని చూశాడు. గీత వెంట్రుకవాసి తప్పలేదు.

“నిజమే. ముప్పైమందికి చెప్పిన. నీ బిడ్డకొక్కదానికే సమజైంది.”

“నీడ యాడ పడ్తదో సూసుకునుడు మాకు పుట్టినకాడి నుంచి ఎరికేనయ్యా. గీసుడే మీరు నేర్పిన్రు. మరి రేపు పంపాల్నా?”

పంతులు పలకను తిరిగి అరుగు అంచునే పెట్టాడు.

ఆమె పలక తీసుకుని, పొద్దు ఎటున్నదో చూసుకుని, తన నీడ అరుగుకు తగలకుండా చుట్టూ తిరిగి వెళ్లిపోయింది.