చుక్క కారలేదు

కళింగపట్నం ఒడ్డున దుంగల మీదకెత్తిన పాత చెక్కపడవ కింద, బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడతను. భార్య నీళ్ల బిందెతో వచ్చింది.

“డాట్రు రెస్టు తీసుకోమన్నాడు గదా, మావా?”

“గట్టి బల్ల మీద తొంగోమన్నాడు. తొంగున్నాను.”

“మరి సేతిలో ఆ సుత్తేటి?”

“రెస్టు నడుంకే, సేతులకి కాదు. సందులన్నిట్లోనూ కొబ్బరి పీసు కొట్టి తారు పూసీసినాను. పడవలో నీల్లు పొయ్యి. కారితే నా మొకం మీదే పడతాది.”

ఆమె బిందె మీద బిందె పోసింది.

“కారతన్నాదా?”

“సుక్క నేదే. మా అయ్య కట్టిన నాడు కూడా కాసింత కారినాది.”

“అయితే లెగు. ఇది పొయ్యిలోకే పనికొస్తాదన్న ఫైబరు బోటోల్లంతా సూడ్డానికొస్తన్నారు.”

“నడుం పట్టేసినాది, లెగనేను. ఆల్లనే వంగి సూడమను.”